అటక మీద రెండేళ్లున్న స్కీలు గుల్‌మార్గ్ పట్టుకెళ్లొచ్చా?

భీమవరం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. స్కీలంటే మంచు వాలు మీద జారడానికి కాళ్లకి బిగించుకునే పొడుగాటి పలకలు. బావమరిది అమెరికా నుంచి వచ్చేస్తూ తన స్కీలు, బూట్లు తెచ్చి వీళ్లింట్లో పెట్టాడట. రెండు వానాకాలాలు అటక మీదే ఉన్నాయి. ఇప్పుడు దింపి చూస్తే ఇనప అంచులు ఎర్రగా తుప్పు పట్టాయి. వాళ్ల పదిహేనేళ్ల అబ్బాయి ఫిబ్రవరిలో కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ బేసిక్ కోర్సుకి వెళ్తున్నాడు. వీటినే బాగుచేయించి పంపొచ్చా, కొత్తవి కొనాలా, తుప్పు ఎలా వదిలించాలి అని ఒక ప్రశ్న. వాడికి రేసింగ్ పిచ్చి కూడా పట్టింది, అది మనలాంటి వాళ్లకి అయ్యే పనేనా అని ఇంకొకటి.

ముందు జవాబు చెప్పేస్తాను. స్కీలు బాగుపడతాయి. బూట్లు వాడకండి. బూటుని స్కీకి బిగించే బైండింగ్‌ని నమ్మకండి. అబ్బాయిని మాత్రం ఉత్త చేతులతో పంపండి, అన్నీ అక్కడే అద్దెకి దొరుకుతాయి. కోర్సు ఫీజులోనే పరికరాలు కలిసి ఉన్నాయేమో ముందు కనుక్కోండి. కొత్తవి కొనే ఆలోచన ఈ ఏడాదికి మానేయండి.

నాది అంబాజీపేట దగ్గర. మిలటరీలో ఉండగా గుల్‌మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్లో స్కీ కోర్సు చేశాను. ఆ తర్వాత కొన్ని శీతాకాలాలు స్కీల స్టోరు చూసుకున్నాను. అంటే జారడం కన్నా నూరడం, మైనం పూయడం ఎక్కువ చేశానన్నమాట. రిటైరై వచ్చేటప్పుడు ఒక జత నాతో తెచ్చుకున్నాను. కాశ్మీరులో అన్నేళ్లు మంచులో నానినా మచ్చ పడని అంచులు, మా ఇంట్లో ఒక్క శ్రావణమాసం గడిచేసరికి తుప్పు పట్టాయి. ఆశ్చర్యం ఏం లేదులెండి. సముద్రం మీంచి ఉప్పుగాలి, చుట్టూ కాలవలు, చేలల్లో నీళ్లు. మన కిటికీ ఊచలకి, సైకిలు చువ్వలకి జరిగేదే వీటికీ జరుగుతుంది. మంచు స్కీని అరగదీస్తుంది తప్ప తినేయదు. తినేసేది తేమ.

అబ్బాయికి ఆ స్కీలు వద్దని ఎందుకంటున్నానో మొదట చెప్తాను. తుప్పు దాకా వెళ్లక్కర్లేదు, పొడవు చూస్తే చాలు. స్కీ మీద ఒక మూడంకెల సంఖ్య ఉంటుంది, అది సెంటీమీటర్లలో పొడవు. పెద్దవాళ్లు, అదీ వచ్చినవాళ్లు, 170 నుంచి 180 దాకా వాడతారు. నేర్చుకునే పిల్లవాడికి నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య రావాలి. మీవాడు 165 సెం.మీ. ఉన్నాడనుకుంటే 150 చుట్టుపక్కల సరిపోతుంది. పొడుగు స్కీ సైకిలు రాని పిల్లాడికి బుల్లెట్ ఇచ్చినట్టు. తిప్పలేక భయపడతాడు, భయపడి వెనక్కి వాలతాడు, వెనక్కి వాలితే స్కీ ముక్కు తేలిపోయి అసలే తిరగదు.

బూట్ల సంగతి ఇంకా ముఖ్యం. గట్టి ప్లాస్టిక్ కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. స్కీ బూటు పెంకు ఎక్కువగా పాలియురెథేన్‌తోనో దాని కలగలుపుతోనో చేస్తారు. ఆ జాతి పదార్థాల్లో చాలావాటికి వేడి, తేమ కలిస్తే పడదు, లోలోపల విడిపోతూ వస్తాయి. కొన్నేళ్లు బీరువాలో ఉన్న ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు తొడుక్కుని నాలుగడుగులు వేసేసరికి అడుగు పొడిపొడిగా రాలిపోవడం మీరూ చూసే ఉంటారు. స్కీ బూటు అలా రాలదు గానీ పెళుసెక్కుతుంది. చలిలో, వాలు మీద, బరువంతా ముందుకి పడ్డ క్షణంలో పగులుతుంది. పైకి ఏ మచ్చా కనపడదు. మీ అటక రేకుల కింద ఉందో స్లాబు కింద ఉందో మీరు రాయలేదు. రేకుల కిందైతే ఇక ఆలోచించనే అక్కర్లేదు. పైగా అవి బావమరిది కాలికి కుదిరిన బూట్లు, అబ్బాయి కాలికి కావు.

అద్దె బూటు తీసుకునేటప్పుడు ఇలా చూడమనండి. లోపలి మెత్తటి తొడుగు బయటకి లాగేసి, ఉత్త పెంకులో కాలు పెట్టి, వేళ్లు ముందు గోడకి తగిలేలా నిలబడాలి. మడమ వెనక ఒకటిన్నర వేలు నుంచి రెండు వేళ్ల సందు ఉంటే సైజు కుదిరినట్టు. మూడు వేళ్లు దూరితే ఆ బూటు పెద్దది, తిరిగి ఇచ్చేయాలి. వదులుగా ఉంటే హాయిగా ఉంటుందని పిల్లలు పెద్దదే ఎంచుకుంటారు. మొదటి గంట హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత కాలు లోపల ఆడి, పిక్క ముందువైపు ఒరుసుకుపోయి రాత్రికి ఏడుస్తారు.

మేజోళ్లు ఒక్క జతే, పల్చటివి, మోకాలి దాకా. మన ప్రాంతం నుంచి వచ్చిన కుర్రాళ్లందరూ చేసే తప్పు ఇది. నేనూ చేశాను. మొదటిసారి చలికి భయపడి మూడు జతలు తొడిగాను. కాలు బిగుసుకుపోయి రక్తం ఆడక, ఒక జత తొడిగినవాడి కన్నా నా వేళ్లే ముందు మొద్దుబారాయి. మా ఉస్తాద్ బూటు విప్పించి, పైన రెండు జతలూ పీకి మంచులో పారేశాడు.

ఇక బైండింగ్. బూటుని స్కీకి పట్టి ఉంచేది ఇదే, పడ్డప్పుడు వదిలేయాల్సిందీ ఇదే. దాని మీద చిన్న కిటికీలో ఒక అంకె కనపడుతుంది, డిన్ అంటారు. ఎంత బలం పడితే వదలాలో చెప్పే లెక్క అది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు మిల్లీమీటర్లలో, ఎలా జారతాడు అన్నవన్నీ కలిపి పట్టిక చూసి పెడతారు. ఎక్కువైతే పడ్డా వదలదు, మోకాలు తిరుగుతుంది. తక్కువైతే పడకుండానే వదిలేస్తుంది. పాత బైండింగుల్లో గ్రీజు గట్టిపడి, స్ప్రింగుకి తుప్పు పట్టి, కిటికీలో కనపడే అంకెకీ నిజంగా వదిలే బలానికీ పొంతన ఉండదు. యంత్రం మీద పెట్టి పరీక్షిస్తే తప్ప తెలియదు.

ఇది నా మోకాలు చెప్పిన పాఠం. మిలటరీ వదిలాక ఒకసారి ఇద్దరు మేనల్లుళ్లని తీసుకుని హిమాలయాల్లో ఒక చోటికి వెళ్లాను, ఊరి పేరు వద్దు. అద్దె కొట్టు కుర్రాడు నా మొహం చూసి ‘సార్, ఎక్స్‌పర్ట్’ అంటూ స్క్రూడ్రైవర్ రెండు చుట్లు తిప్పాడు. బరువు అడగలేదు, బూటు పొడవు చూడలేదు. అన్నీ తెలిసినవాణ్ణే అయినా మొహమాటానికి ఊరుకున్నాను. మధ్యాహ్నం మెత్తబడ్డ మంచులో ఎడమ స్కీ దిగబడింది, నేను ముందుకి పోయాను, బైండింగ్ వదల్లేదు. ఆరు వారాలు మోకాలికి పట్టీ. అందుకే మీవాడికి నేర్పించండి: కొట్టువాడు సెట్ చేసేటప్పుడు బరువు, ఎత్తు, వయసు తనే చెప్పాలి, ‘కొత్తగా నేర్చుకుంటున్నాను’ అని సిగ్గుపడకుండా చెప్పాలి. పక్క కుర్రాడి అంకె కాపీ కొట్టకూడదు. బూటు అడుక్కి అంటిన మంచు గీకేశాకే బైండింగ్‌లో పెట్టాలి. ఆ మంచు ముద్ద మీద నిలబడితే లెక్కంతా తప్పుతుంది.

సరే, మీ తుప్పు దగ్గరకి వద్దాం. ఇంట్లో చేసుకోగలిగే పనే.

మొదట స్కీ బతికుందో లేదో చూడండి. లోపల ఉండేది ఎక్కువగా చెక్కే. బైండింగ్ మరల కన్నాల్లోంచో, అంచు పక్క సందులోంచో నీళ్లు దిగితే, వానాకాలం తలుపులు ఉబ్బినట్టు ఆ చెక్క ఉబ్బి పొరలు విడుతుంది. కొబ్బరికాయ వాయించి చూసినట్టు వేలి కణుపుతో స్కీ పొడవునా కొట్టుకుంటూ పోండి. శబ్దం ఒకేలా ఉండాలి. ఎక్కడైనా డొల్లగా పలికితే అక్కడ పొర విడిందన్నమాట. ముక్కు దగ్గర, తోక దగ్గర గోటితో పొరల మధ్య గుచ్చి చూడండి. విడితే ఆ జత గోడకి అలంకారంగా పెట్టుకోండి, నష్టం లేదు.

బతికుంటే, పైపై తుప్పుకి రబ్బరులో గరుకు పొడి కలిపిన చిన్న దిమ్మ దొరుకుతుంది, స్కీ దుకాణాల వాళ్లు గమ్మీ స్టోన్ అంటారు. పలక తుడిచినట్టు అంచు పొడవునా రుద్దితే తుప్పు నలుపు రంగు ముద్దలా వచ్చేస్తుంది, కింద ఇనుము తెల్లగా బయటపడుతుంది. అది దొరక్కపోతే నీళ్ల కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం), 400 నంబరుది, చిన్న చెక్కముక్కకి చుట్టి రుద్దండి. స్కీ అడుగున ఉండే నల్లటి పొరకి, అంటే బేస్‌కి, గీతలు పడకుండా పక్కన టేపు అంటించుకోండి. గుంటలు పడ్డ తుప్పైతే ఆకురాయి పట్టాలి, కానీ ఇక్కడ కాస్త ఆగండి.

ఆ అంచుని బొండాల కత్తిలా నూరకూడదు. స్కీ అంచు పదును అంటే కోణం. పక్కగోడ వైపు మామూలు స్కీకి 88 లేదా 89 డిగ్రీలు, రేసర్లు 87 దాకా పోతారు. అడుగు వైపు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఎత్తు. ఈ అడుగు వైపు కోణం పొరపాటున ఎక్కువ తీసేస్తే వెనక్కి తెచ్చుకోవడానికి బేస్ మొత్తం యంత్రం మీద గ్రైండ్ చేయించాలి. అందుకే ఇంట్లో అడుగు వైపు ఆకురాయి ముట్టుకోవద్దనే నా సలహా, పక్క వైపు మాత్రమే, అదీ కోణం పట్టి ఉంచే గైడ్‌లో బిగించి, ముక్కు నుంచి తోక వైపు, ఒకే దిక్కులో. అంచు మొత్తం మందమే రెండు మిల్లీమీటర్లు. నూరిన ప్రతిసారీ స్కీ ఆయుష్షు కాస్త తగ్గుతుంది. పదును తెలియాలంటే గోరు అంచు మీద అడ్డంగా లాగండి, సన్నటి తెల్లపొడి గోటి నుంచి లేస్తే చాలు.

తర్వాత మైనం. ఎందుకు పూస్తారో తెలిస్తే ఎలా పూయాలో అదే తెలుస్తుంది. స్కీ జారేది ఉత్త మంచు మీద కాదు, రాపిడి వేడికి మంచు కరిగి ఏర్పడే పల్చటి నీటిపొర మీద. ఆ నీరు బేస్‌కి అంటుకోకూడదు, చేమాకు మీద బొట్టులా దొర్లిపోవాలి. ఎండాకాలం మొదట్లో గుల్‌మార్గ్‌లో మధ్యాహ్నం మంచు తడిసి ముద్దవుతుంది. మైనం లేని స్కీతో అందులోకి దిగితే దమ్ము చేసిన చేలో కాలు దిగబడినట్టే, అడుగు నుంచి పీల్చి పట్టేస్తుంది. స్కీ ఆగిపోతుంది, మనిషి ఆగడు. మీ స్కీ అడుగు అంచుల పక్కన తెల్లబారి బూడిదరంగులో కనపడుతుంటే అది మైనం లేక ఎండిపోయిన బేస్.

ఇంట్లో మైనం పూయడానికి ఇస్త్రీపెట్టె పనికొస్తుంది, ఆవిరి కన్నాలు లేని పాతది. మా ఆవిడ పట్టుచీరకి ఒకసారి మైనం మరక పడ్డాక ఆ పెట్టె నాకే శాశ్వతంగా దక్కింది, మీరు ముందే వేరేది కొనుక్కోండి. వేడి 120 డిగ్రీల దగ్గర చాలు, ఎంత వేడి కావాలో మైనం ప్యాకెట్ మీద రాసే ఉంటుంది. పొగ లేచిందంటే వేడి ఎక్కువైనట్టే. మైనం ముక్క పెట్టెకి ఆనించి స్కీ పొడవునా బొట్లు బొట్లుగా కార్చండి. తర్వాత పెట్టెని ముక్కు నుంచి తోకకి ఆగకుండా లాగండి. వెనకాల కరిగిన మైనం తడిగా మెరుస్తూ ఒక జానెడు కనపడి గడ్డకడుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒక్క చోట కూడా ఆపొద్దు. బేస్ చేసేది పాలిథిలిన్‌తో, అది 135 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నిలిపితే కాలి గాజులా గట్టిపడుతుంది, ఇక ఆ చోట మైనం పీల్చదు.

చల్లారాక ప్లాస్టిక్ గీకుడుతో గీకేయాలి, ఆ తర్వాత నైలాన్ బ్రష్. కొత్తవాళ్లకి ఇది నచ్చదు, అంత కష్టపడి పూసి మళ్లీ తీసేయడమేంటని. పని చేసేది బేస్ పీల్చుకున్న మైనమే, పైన మిగిలింది అడ్డమే. కొవ్వొత్తి మైనం పూయొచ్చా అని కూడా అడుగుతుంటారు. ఏమీ లేని చోట పర్వాలేదు, కానీ మరీ మెత్తన, మురికి పట్టేస్తుంది. బావమరిది సామానులో పాత మైనం డబ్బా ఉండి దాని మీద ఫ్లోరో (ఫ్లోరిన్ రసాయనాలు కలిపినది) అని రాసి ఉంటే కరిగించకండి. ఆ పొగ పీల్చే టెక్నీషియన్ల రక్తంలో ఆ రసాయనాలు పేరుకుంటాయని తేలింది. 2023–24 సీజన్ నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య దాన్ని పోటీల్లో పూర్తిగా నిషేధించింది కూడా.

దాచడం గురించి. తుప్పు తీసి, మైనం పూశాక ఈసారి గీకకండి. అంచుల మీదకి కూడా దట్టంగా దిగేలా పూసి అలాగే వదిలేయండి, మళ్లీ వాడే ముందు రోజు గీకొచ్చు. కొబ్బరినూనె రాస్తే పోలా అని మా ఊళ్లో ప్రతివాడూ సలహా ఇస్తాడు. కొన్ని నెలలకి అది ముక్కిపోయిన వాసన వేసి, దుమ్ము పట్టి, చీమలు చేరతాయి. ఇంజిన్ ఆయిల్ కూడా వద్దు, బేస్‌లోకి దిగితే తర్వాత మైనం పట్టదు. అటక మీద కాకుండా ఇంట్లో, బయటి గోడకి ఆనకుండా, బీరువా పక్కన నిలబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టేస్తే తేమ లోపలే ఉండిపోతుంది, పాత దుప్పటి చుట్టడం మేలు. దసరాకోసారి బయటకి తీసి గుడ్డతో తుడవండి. బైండింగ్ స్ప్రింగు వదులు చేసి దాచాలని కొందరు అంటారు. నేను చేయను. వదులు చేసిన సంగతి మర్చిపోయి అలాగే వేసుకుపోయేవాడిని ఒకణ్ణి చూశాను.

రేసింగ్ మాటకి వస్తే, పిచ్చి పట్టనివ్వండి, తప్పేం లేదు. కానీ మీవాడు చూసిన వీడియోల్లో ఏది ఏమిటో తెలిస్తే మంచిది. నిలువు కర్రల మధ్య దగ్గరదగ్గరగా మెలికలు తిరిగేది స్లాలమ్. దూరందూరంగా పెట్టిన గేట్లతో (దాటుకుంటూ పోవాల్సిన కర్రల గుర్తులు) పెద్ద మలుపులది జెయింట్ స్లాలమ్. వీటికి రెండేసి పరుగులు, రెండు సమయాలూ కలిపి సెకనులో నూరో వంతు దాకా లెక్క. ఒక్క గేటు తప్పినా ఆట అయిపోయినట్టే. సూపర్ జీ, డౌన్‌హిల్ అనేవి వేగం పోటీలు, ఒక్క పరుగే. స్కీలు కూడా దేనికదే: పెద్ద పోటీల్లో మగవాళ్ల స్లాలమ్ స్కీ కనీసం 165 సెం.మీ., డౌన్‌హిల్‌కి 218. మీ బావమరిది స్కీలు వీటిలో దేనికీ పనికిరావు, అవి సరదాకి జారేవి.

మన దేశం నుంచి ఈ ఆటలో ముందుకి వెళ్లినవాళ్లు మంచు పక్కనే పుట్టినవాళ్లు. గుల్‌మార్గ్ వైపు నుంచి ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కి భారత్ తరఫున వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం, స్లాలమ్‌లో పరుగు పూర్తి కాలేదు. మనాలి వైపు నుంచి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం తెచ్చింది, స్కీయింగ్‌లో మనకి మొదటి అంతర్జాతీయ పతకం అదే. వాళ్లకి ఇంటి వెనక వాలు ఉంది, మనకి కాలవ గట్టు ఉంది. ఏడాదికి రెండు వారాలు వెళ్లి రేసరు కావడం జరగదని అబ్బాయికి సూటిగానే చెప్పండి. బేసిక్, ఆ తర్వాత ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ కోర్సులు వరసగా మూడు శీతాకాలాలు చేయనివ్వండి. గుల్‌మార్గ్‌లో ఐఐఎస్ఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్), మనాలిలో పర్వతారోహణ సంస్థ నడుపుతాయి. అప్పటికీ పిచ్చి తగ్గకపోతే పోటీల సంగతి మాట్లాడదాం. ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో స్కీ పోటీలు 2020 నుంచి గుల్‌మార్గ్‌లో జరుగుతున్నాయి, అవి వెళ్లి చూసినా చాలా తెలుస్తుంది. ఈలోపు ఇంటి దగ్గర తొడలకి బలం వచ్చే కసరత్తు చేయించండి. గోడకి వీపు ఆనించి కుర్చీ వేసినట్టు రెండు నిమిషాలు కూర్చోగలిగితే మొదటి రోజు బండి లాగుతాడు.

ఫిబ్రవరి ఎంచుకోవడం మంచిదే. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని కాశ్మీరులో చిల్లా కలాన్ అంటారు, అసలు మంచు అప్పుడు పడి ఉంటుంది. కానీ 2025 ఫిబ్రవరిలో మంచు చాలక ఖేలో ఇండియా పోటీలనే మార్చికి వాయిదా వేశారు. కాబట్టి తిరుగు టికెట్టు మార్చుకునే వీలున్నదే తీసుకోండి. గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తు, మొదటి రోజు కాస్త ఆయాసం వస్తుంది, నీళ్లు ఎక్కువ తాగాలి. గండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు, రెండో దశ ఎక్కితే 3,900 మీటర్లు దాటిపోతారు. అక్కడ తయారు చేసిన వాలు కాదు, మంచుచరియల భయం ఉంది. పైదాకా వెళ్లి ఫొటో దిగి అదే పెట్టెలో దిగిరమ్మనండి. కళ్లద్దాలు, మొహానికి సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు. మంచు మీంచి ఎండ కిందనుంచి కూడా కొడుతుంది, నా ముక్కు లోపలి అంచులు కాలాయి ఒకసారి.

మీ స్కీ అడుగు భాగం, బైండింగ్ మీద పేరు, బూటు మడమ దగ్గర చెక్కి ఉన్న మిల్లీమీటర్ల అంకె వెలుతురులో ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. గ్రైండింగ్ దాకా వెళ్లాలో గమ్మీతో సరిపోతుందో చూసి చెప్తాను.